సర్వాయి పాపన్న: చరిత్రయు గాథయు

భోగిపండుగనాటి సాయంకాలము వెలుగు లోహ్రీ మంటలు నోయిడాలోను, ఢిల్లీ పరిసరములలోను కాపురముండు తెలుగు కుటుంబములకు చిరపరిచితములు. ఆనాడు పంజాబీ పిల్లలు ఇల్లిల్లు తిరిగి పాడు పాటలో దుల్లా భట్టి పేరు మాటిమాటికి వినవచ్చును. అక్బరు చక్రవర్తి కాలమున ప్రభుత్వముపై తిరుగబడి, బాటలు కొట్టి, తుదకు లాహోరులో ఉరికంబమెక్కిన మనుష్యుడాతడు. ఉత్తరప్రదేశపు నౌటంకీ మేళములు తరతరములుగా ఆడుచు వచ్చిన సుల్తానా డాకూ 1924లో ఉరితీయబడిన బందిపోటు. సర్కారు దస్తరములలో దొంగలుగా నమోదైనవారు జనుల నోట వీరులగుట ఒక్క ఉత్తరదేశమునకే చెల్లినది కాదు. రేనాటిలో 1847లో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గూర్చియు, పాలమూరు సీమలో పండుగ సాయన్నను గూర్చియు పాటలు పుట్టినవి. ఈ తెలుగువారిద్దరికంటె పూర్వుడు, వీరందరికంటె చిక్కుముడియైన వాడు, తెలంగాణపు సర్వాయి పాపన్న.

ఈతనిని గూర్చి తెలుసుకొనుటకు దారులు రెండు. ఒకటి పారసీక భాషలో ఖాఫీఖాను రచించిన ముంతఖబుల్ లుబాబ్ అను చరిత్ర గ్రంథము. రెండవది పల్లెలలో తంబుర మీటుచు, వ్రేళ్ళ అందెలు మ్రోయించుచు కథకులు పాడుచు వచ్చిన గాథ. ఖాఫీఖాను మొగలు ప్రభుత్వమును ఆశ్రయించి బ్రదికినవాడు. ఆతని కంటికి పాపన్న నీచకులజుడైన దుర్మార్గుడు. కథకునికో పాపన్న కోటలు గెలిచిన దొర. ఒకే మనుష్యుని ఇద్దరు చిత్రకారులు రెండు ప్రక్కల నిలిచి వ్రాసిన పటములవలె ఇవి యున్నవి. రెంటిని దగ్గర పెట్టి చూచినవారు పూర్వము అరుదు. 1980లో జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావుగార్లు కలిసి వ్రాసిన వ్యాసమున ఈ పని మొదటిసారి సాగినది. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్రను ఎనిమిదిమంది జీవితముల ద్వారా చెప్పుచు, ప్రతాపరుద్రుడు, మహమూద్ గవాను, రామరాయలు, మాలిక్ అంబరు, తుకారాము మున్నగువారి సరసన ఈ కల్లుగీత కులస్థునకు ఒక అధ్యాయము నిచ్చెను. ఆ వరుసలో రాజో, మంత్రియో, యోగియో కానివాడు బహుశః పాపన్న యొక్కడే.

ఆతని కాలమును కొంచెము తెలుసుకొననిదే ఆతని కథ అర్థము కాదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట గోలకొండను వశపరచుకొనెను. అంతకు ముందటి సంవత్సరమే అక్కన్న మాదన్నలు హతులైరి. కుతుబుషాహీల కాలమున తెలుగు నెరిగిన నాయకులు, దేశముఖులు, కరణములు రాజ్యమును మోయుచుండిరి. కొత్తగా వచ్చిన మొగలు సుబేదారులకు ఈ నేల కేవలము పన్నుల గంప. దక్కనులో సాగు యుద్ధములకు కావలసిన ధనము ఇక్కడినుండియే పోవలయును. ఒకవంక మహారాష్ట్ర దళముల దాడులు, ఒకవంక పన్నుల ఒత్తిడి. దారులపై కావలి లేదు. హైదరాబాదునుండి వరంగల్లునకును, సముద్రతీరమునకును పోవు బాటలలో సరకుల బండ్లు మాత్రము తిరుగుచునే యుండెను. ధనము బాటలపై నున్నది. రక్షించు చేయి లేదు. ఇట్టి సమయముననే పాపన్న వంటివారు పైకి వత్తురు.

జన్మస్థలమును గూర్చి వివాదము లేదు. నేటి జనగామ జిల్లాలో, హైదరాబాదు వరంగల్లు రహదారికి చేరువలో నున్న ఖిలాషాపురము ఆతని పేరుతో ముడివడిన ఊరు. పారసీక గ్రంథములో షాపూరని యున్నది ఇదియే. జననకాలము మాత్రము జనశ్రుతిని బట్టియే చెప్పవలసియున్నది. 1650 ఆగస్టు 18 అని లోకములో నున్నది. తెలంగాణలో జయంతి ఉత్సవము ఆ తేదీననే జరుగుచున్నది. ఆతని కులము గౌడ కులము. తాటిచెట్టెక్కి కల్లు గీయుట వృత్తి. మోకు, ముస్తాదు, గీతకత్తి ఆ యింటి ఆస్తి. ఎల్లమ్మ, కాటమయ్య ఆ యింటి దేవతలు. పేరులోని సర్వాయి అన్న మాటను గూర్చి రెండు త్రోవలు రెండు విధముల చెప్పుచున్నవి. జనులు ఆతని తల్లి పేరు సర్వమ్మ యనియు, ఆ తల్లి పేరే కొడుకునకు ఇంటిపేరైనదనియు నమ్ముదురు. ఖాఫీఖాను గ్రంథములో సర్వ యనువాడు పాపన్నకు తోడైన ఒక దండనాయకుడు. చరిత్రకారుడు చెలికానిని చూచినచోట పాట తల్లిని చూచినది.

గాథ తల్లితోనే ప్రారంభమగును. కొడుకు కులవృత్తి చేపట్టి ఇంటిపట్టున నుండవలయునని ఆమె కోరిక. తాటిచెట్టు ఎక్కుట తన చేతికి తగినది కాదనియు, తాను కోటలను గెలువ పుట్టినవాడననియు కొడుకు పట్టుదల. నిద్రించు పాపన్నకు నాగుపాము పడగ పట్టినదని కథకులు చెప్పుదురు. రాజయోగమునకు మన కథలలో ఇది పాత ఆనవాలు. రాజవంశమున పుట్టనివానికి రాజరికము నంటగట్టుటకు జనులకు పాముకంటె సులభమైన సాక్షి దొరకలేదు.

చరిత్ర ప్రారంభము వేరు. అది తోబుట్టువుతో మొదలగును. పాపన్నకు భర్త గతించిన సోదరి యొకతె యుండెను. ఆమెకు కొంత సొమ్ము, నగలు ఉండెను. 1690 తరువాతి దశాబ్దపు చివరి భాగమున, ఆతడు ఆమెపై పడి ఆ సొమ్మునంతయు లాగుకొని, దానితో కొందరు మనుష్యులను చేర్చుకొనెనని ఖాఫీఖాను వ్రాసెను. తరువాత సామ్రాజ్యమునే ఎదిరించిన సేనకు మొదటి పెట్టుబడి ఒక వితంతువు నగలు. ఖాఫీఖాను పగవాడే, నిజము. కాని పగవాడు చెప్పినదెల్ల అబద్ధమే కానక్కరలేదు. ఆ సోదరి యేమైనదో గ్రంథము చెప్పలేదు. ప్రచారములోనున్న గాథలో ఆమెకు చోటు దక్కలేదు.

ఆ సొమ్ముతో పాపన్న తాటికొండ గుట్టపై చిన్న కోట యొకటి కట్టుకొని, బాటసారులను, వర్తకులను దోచుకొనసాగెను. చుట్టుప్రక్కల ఫౌజుదారులు, జమీందారులు ఊరుకొనలేదు. వారి తరుములాటకు నిలువలేక ఆతడు పారిపోయి, నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాసు సంస్థానమున వెంకటరావను జమీందారుకడ బంట్లపై అధికారిగా కొలువు కుదిరెను. దొంగ కొలువు చేయుటయు, కొలువు వీడి దొంగయగుటయు ఆనాడు వింత కాదు. సైనికునకును బందిపోటునకును నడుమ గీత చాల సన్నముగా నుండెను. కొలువులో నుండియు ఆతడు పాతపని మానలేదు. వెంకటరావు ఆతనిని పట్టి చెరలో వేయించెను.

చెరనుండి బయటపడిన తీరు చిత్రమైనది. నెలలు గడచినవి. వెంకటరావు కుమారునకు జబ్బు చేసెను. ఖైదీలను విడిచిన పుణ్యము బిడ్డను బ్రదికించునని తలచి ఆ యింటి ఇల్లాలు చెరసాల తలుపులు తెరపించెను. బిడ్డ యేమైనాడో తెలియదు కాని, పాపన్న బయటపడెను. ఆతని జీవితములో మలుపు వచ్చిన ప్రతిచోట ఒక స్త్రీ నిలిచియుండుట గమనింపదగినది. తల్లి, సోదరి, కౌలాసు దొరసాని. నాల్గవ యామె కథ చివరలో వచ్చును.

పాపన్న తిన్నగా షాపూరు చేరెను. అక్కడ సర్వయు ఆతనితో కలిసెను. ఈసారి కోట గట్టిగా లేచినది. చేరినవారెవరన్న ప్రశ్నకు గాథయే మంచి సమాధానము చెప్పుచున్నది. అందులో చాకలి సర్వన్న, మంగలి మాసన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంగన్న, దూదేకుల పీరు, తురక హిమాము, హసను, హుసేను, ఎరుకల చిత్తేలు, జక్కుల పెరుమాళ్ళు, యానాది పాశేలు అనువారి పేర్లు వినవచ్చును. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి మొదలుకొని అడవి తిరుగు జాతులవరకు నిందున్నారు, మహమ్మదీయులును ఉన్నారు. దేశముఖులు గాని, రెడ్లు గాని, వెలమదొరలు గాని ఈ జాబితాలో లేరు. పాపన్న పోరును మతకలహముగా చూపదలచినవారికి ఈ పేర్లే అడ్డు తగులును. ఆతడు దోచిన వర్తకులలో హిందువులును ఉండిరి. ఆతనిపై ఫిర్యాదు చేసినవారిలో రెండు మతముల పెద్దలును ఉండిరి. ఆతని ముట్టడికి గురియైన జమీందారులు తెలుగువారే.

క్రమముగా ఫిర్యాదులు ఔరంగజేబు చెవిని పడెను. స్త్రీలను చెరపట్టుచున్నాడనునది వానిలో ప్రధానమైనది. హైదరాబాదున నాయబు సుబేదారుగానున్న రుస్తుం దిల్ ఖానునకు ఆజ్ఞ వచ్చెను. ఆతడు కొలనుపాక ఫౌజుదారైన ఖాసింఖానను అఫ్ఘనును పంపెను. పోరులో ఖాసింఖాను తుపాకి గుండు తగిలి మరణించెను. అంతట రుస్తుం దిల్ ఖాను స్వయముగా బయలుదేరి షాపూరును రెండు నెలలు ముట్టడించెను. పాపన్నయు సర్వయు రాత్రివేళ తప్పించుకొనిరి. ఖాను కోటను మందుగుండుతో పేల్పించి, కార్యము ముగిసినదని హైదరాబాదునకు మరలెను. ఆతని వెనుకనే పాపన్న మరలి వచ్చెను. ఈ మారు రాతితో, సున్నముతో మునుపటికంటె బలమైన కోట కట్టి, ఫిరంగులెక్కించెను.

ఈ నడుమనే సర్వకును, పుర్దిల్ ఖానను మరియొక నాయకునకును మాట పట్టింపు వచ్చి, ద్వంద్వయుద్ధమున ఇద్దరును నేలకూలిరి. సేన ఏకనాయకమైనది. దీనివలన పాపన్న బలహీనపడవలసినది, పడలేదు. ఇంతవరకు బాటలు కొట్టిన వాడు ఇకమీదట కోటలపై కన్ను వేసెను.

1707లో ఔరంగజేబు మరణించెను. కుమారులు సింహాసనమునకై కత్తులు దూసిరి. ఆ సంవత్సరమే రుస్తుం దిల్ ఖాను షాపూరును తిరిగి ముట్టడించెను. నెలల తరబడి ముట్టడించి, పాపన్న యిచ్చిన పెద్ద మొత్తమును పుచ్చుకొని విడిదియెత్తి పోయెను. ప్రభుత్వోద్యోగి లంచము తీసికొనుటలో ఆశ్చర్యమేమియు లేదు. సుబేదారునకు లంచమీయగల స్థితికి ఒక గీతగాని కొడుకు పది సంవత్సరములలో చేరుటయే ఇక్కడ విశేషము. రుస్తుం దిల్ ఖానునకు ఆ ధనము అచ్చిరాలేదు. హైదరాబాదున స్వతంత్రుడై కూర్చున్న ఔరంగజేబు చిన్నకుమారుడు కాంబక్షు ఆతనిపై అనుమానము పెంచుకొని 1708లో చంపించెను.

దక్కనులో ఎవరు రాజో తెలియని ఆ సందున పాపన్న వరంగల్లును కొట్టెను. కాకతీయుల రాజధానిగా వెలసి, మట్టికోట రాతికోటల నడుమ నున్న ఆ నగరము ఆనాటికి తివాచీలకు, బట్టలకు పేరొందిన వర్తకస్థానము. ముహర్రము పదవనాడు పీరుల పండుగ. ఊరంతయు మాతములో మునిగియుండును. కావలివారును అందులోనే యుందురు. పాపన్న లెక్క అదియే. 1708 మార్చి 31 రాత్రి ఆతడు రెండుమూడువేల కాల్బలముతో, నాలుగైదు వందల గుఱ్ఱపుదళముతో కోటగోడల దాపునకు చేరెను. కొందరు దారులను కట్టివేసిరి. కొందరు త్రాళ్ళు విసరి గోడలెక్కిరి. తెల్లవారునప్పటికి తలుపులు తెరచుకొనెను. రెండుమూడు దినములు దోపిడి సాగెను. నగదు, నగలు, బట్టలు, తివాచీలు అన్నియు షాపూరునకు తరలెను.

తరలినవి సరకులు మాత్రమే కావు. నగర ప్రముఖుల భార్యలు, బిడ్డలు వేలకొలది చెరపట్టబడిరి. వారిని ఉంచుటకు షాపూరు కోట చెంత వేరుగా ఆవరణము కట్టవలసివచ్చెను. కొందరిని విడుదల ధనమునకై, కొందరిని తన యింట, కొందరిని అనుచరులకై ఉంచిరి. పాపన్నను వీరునిగా తలచువారు ఈ భాగమును తొందరగా దాటిపోవుచుందురు. దాటుటకు వీలులేదు. ఆ కాలపు సుబేదారులు, రాజకుమారులు నగరములు కొట్టినప్పుడు చేసినదియు ఇదియే కదా యని అనవచ్చును. ఆ మాట నిజమే. కాని చెరలోనున్న తల్లికి తనను పట్టినవాడు రాజకుమారుడా, గీతగాడా యన్న విచారముండదు.

వరంగల్లు విజయము ఇచ్చిన ధైర్యముతో రెండు నెలలలోనే భువనగిరిపై దండెత్తెను. ప్రవక్త జన్మదినోత్సవ సమయమును ఎన్నుకొనుట మునుపటి ఉపాయమే. ఏకశిలపై నిలిచిన ఆ దుర్గము వరంగల్లువలె లొంగలేదు. దిగువ పట్టణము మాత్రము దోపిడికి గురియైనది. చెరపట్టబడినవారి సంఖ్య ఇంకను పెరిగినది.

ఇపుడాతని వైభవము రాజవైభవము. పల్లకిలో తిరుగును, ముందు వెనుకల ఎన్నికచేసిన బంట్లు. తీరప్రాంతపు పరంగివర్తకుల చేతినుండి వచ్చిన జోడుగొట్టపు తుపాకులు సేనకు సమకూరెను. బంజారీల బిడారులను పట్టుకొని, వారి ఎడ్లను వేలకొలదిగా నాగళ్ళకు కట్టించి, షాపూరు చుట్టును నేల దున్నించెనని తెలియుచున్నది. ఈ చిన్న వాక్యము ఆతని చరిత్రలో కత్తిపోట్లకంటె ముఖ్యమైనది. దోచుకొని పోవువానికి దుక్కి అక్కరలేదు. ఎడ్లను దోచి వెంటనే అమ్ముకొనక దుక్కి దున్నించినవాడు వచ్చు సంవత్సరపు పంటను తలచియున్నవాడు. బాటకొట్టువాడు దొర కాజూచుచున్నాడు.

1709 జనవరిలో బహదూరుషా హైదరాబాదు చెంత తమ్ముడగు కాంబక్షును ఓడించెను. గాయములతో పట్టుబడిన కాంబక్షు మరణించెను. విజయోత్సవ దర్బారు జరిగెను. ఆ దర్బారునకు పాపన్న కానుకలతో వచ్చెను. 14 లక్షల రూపాయలు, అది గాక చక్రవర్తి సేనకు కావలసిన ధాన్యము, దినుసులు సమర్పించెను. బహదూరుషా ఆతనికి ఖిల్లతు, అనగా గౌరవవస్త్రము, బహూకరించెను.

ఆ క్షణమున పాపన్న కథ వేరొక దారి పట్టవలసినది. ఖిల్లతు ధరించినవాడు ఇక దొంగ కాడు. పేష్కషు చెల్లించు జమీందారు. దక్కనులో ఎన్ని రాజవంశములు ఈ విధముగనే మొదలు కాలేదు! గాథ పాడువారు కోటగోడలను, కత్తులను వర్ణించునంతగా ఈ దర్బారును వర్ణింపరు. కాని పాపన్న పదిపదునైదు సంవత్సరములు దేనికై పోరాడెనో అది ఆతని భుజములమీదికి వచ్చినది ఆనాడే.

అది నిలువలేదు. షా ఇనాయతు అను పెద్దమనుష్యుడు తెలంగాణమందలి మహమ్మదీయ ప్రముఖులలో అగ్రగణ్యుడు. వరంగల్లు దోపిడిలో ఆతని కుటుంబమును నష్టపోయెను. ఆతడు పెద్దలను వెంటనిడుకొని చక్రవర్తి సన్నిధికి పోయెను. తమ బిడ్డలు ఇంకను షాపూరు చెరలో నుండగా, చెరపట్టినవానికి గౌరవవస్త్రమా యని వారి మొర. దానిలో బిడ్డలను కోల్పోయిన దుఃఖమున్నది. కల్లుగీత కులమువాడు తమ సరసన దర్బారులో నిలిచెనన్న రోషమును ఉన్నది. ఈ రెంటిలో ఏది యెంతయో విడదీయుట ఇప్పుడు సాధ్యము కాదు. బహదూరుషా 14 లక్షలను ఉంచుకొని మాట మార్చుకొనెను. కొత్తగా నియమింపబడిన సుబేదారు యూసుఫ్ ఖాను రూజ్‌బిహానీకి పాపన్నను రూపుమాపవలసినదని ఆజ్ఞ యిచ్చి, తాను ఉత్తరాదికి కదలెను. 1712లో లాహోరులో మరణించిన ఈ చక్రవర్తి సమాధి ఢిల్లీలోని మెహ్రౌలీలో, కుతుబుద్దీన్ భక్తియార్ కాకీ దర్గా ప్రాంగణము చెంత మోతీ మసీదు ప్రక్కన ఉన్నది. కుతుబు మీనారు చూడ పోవు తెలుగువారు దానికి కూతవేటు దూరముననే తిరిగి వచ్చుచుందురు.

యూసుఫ్ ఖాను దిలావర్ ఖానను అఫ్ఘనును సేనతో ముందుగా పంపెను. ఆ సమయమున పాపన్న పొరుగు జమీందారు కోట యొకదానిని ముట్టడించుచు షాపూరున లేడు. అప్పుడు నాల్గవ స్త్రీ కథలోనికి వచ్చెను. షాపూరు చెరలోనున్న బందీలలో పాపన్న బావమరది, అనగా భార్య తోడబుట్టినవాడు, ఒకడుండెను. ఆతడు మొగలు కొలువులో ఫౌజుదారు. పాపన్న భార్య అన్నమునకు పంపు పాత్రలలో ఆకురాళ్ళు దాచి చెరసాలకు చేర్చెను. ఆతడు ఆ ఆకురాళ్ళతో తన సంకెళ్ళను కోసికొని, తోడి బందీల సంకెళ్ళను కోసి, కావలివారిని కొట్టి కోటను స్వాధీనము చేసికొనెను. ఆమె పేరు గ్రంథకర్త చెప్పలేదు. మగని పక్షమా, తోడబుట్టినవాని పక్షమా యన్నచోట ఆమె ఎన్నుకొన్నదేదో స్పష్టము. ఎందులకు ఎన్నుకొన్నదో మాత్రము ఎవరును వ్రాయలేదు. ఆవరణములో మ్రగ్గు స్త్రీలను ఆమె ప్రతిదినము చూచుచుండెనన్న సంగతి మరువరాదు.

వార్త విని పాపన్న పరుగున వచ్చునప్పటికి తన కోట తలుపులు తనకే మూయబడెను. తన ఫిరంగులే తనపై గర్జించెను. తలుపులకు నిప్పుపెట్టి చొరబడ యత్నించుచుండగా దిలావర్ ఖాను సేన వెనుకనుండి వచ్చిపడెను. మిగిలిన మనుష్యులతో పాపన్న తాటికొండ చేరెను. మొదటి కోటయే చివరి కోట యైనది.

యూసుఫ్ ఖాను తానే వేలకొలది అశ్వదళముతో వచ్చి తాటికొండను చుట్టివేసెను. ముట్టడి నెలల తరబడి సాగెను. చుట్టుప్రక్కల జమీందారులును ఆతనికి తోడ్పడిరి. గీతగాని రాజ్యము తమకును కంటకమే గదా. గుట్టపైనున్నవారు లొంగలేదు. తుదకు 1710 మార్చిలో యూసుఫ్ ఖాను ఒక ప్రకటన చేయించెను. పాపన్నను విడిచి వచ్చిన ప్రతి సైనికునకు రెట్టింపు జీతము. అంతవరకు ఆకలికి, ఫిరంగులకు లొంగనివారిలో అనేకులు దీనికి లొంగిరి. వారిని నిందించుట తేలిక. కాని నెలల ముట్టడిలో మందుగుండు అడుగంటువరకు నిలిచినవారు కూడ వారే. ఖాఫీఖాను చూపినట్లు పాపన్న కేవలము క్రూరుడే యైనచో, ఆ గుట్టపై అంతకాలము అంతమంది ఎందులకు నిలిచిరి? ఈ ప్రశ్నకు పారసీక చరిత్రలో సమాధానము లేదు. పాటలోని చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి పేర్లలోనే అది కొంత ఉన్నట్లు తోచును. ఇంటి వాకిట చెప్పులతో నడువ వీలులేని కులములవారికి తుపాకి నిచ్చి కోటబురుజుపై నిలిపిన దొర అంతకు ముందు లేడు. ధనికులను కొట్టి పేదలకు పంచెనని నేడు చెప్పుకొను మాటకు పారసీక గ్రంథమునందు ఆధారము కానరాదు; పేదలకు పదవులు పంచెనన్నదానికి మాత్రము గాథయే ఆధారము.

మందుగుండు అయిపోయినది. ఒక రాత్రి పాపన్న వేషము మార్చుకొని, చెప్పులను, హుక్కాను ఒక ద్వారముకడ విడిచి, వేరొక ద్వారమున జారుకొనెను. తానింకను లోపలనే యున్నాడని శత్రువులే గాక సొంత మనుష్యులును అనుకొనవలెనని ఆ యుక్తి. కాలికి గాయము. ఒంటరిగా నడచి, తాను వసింపజేసిన హసనాబాదు అను ఊరు చేరి, అక్కడ ఒక కల్లు దుకాణమున కూర్చుండి కల్లు అడిగెను.

గుట్టలు, కోటలు, దర్బారులు అన్నియు దాటి ఆతడు చివరకు చేరినది కులమువాని దుకాణము. దుకాణదారు కల్లుగీత వృత్తివాడే. కూర్చున్న తీరు, మాట తీరు చూచి ఆతడు వచ్చినవానిని పోల్చుకొనెను. మంచి కల్లు తెచ్చెదనని చెప్పి బయటకు పోయి, సమాచారమందించెను. మూడువందల గుఱ్ఱపురౌతులతో వచ్చి చుట్టుముట్టినవాడు మరెవరో కాదు, ఆకురాళ్ళతో చెర వదలించుకొన్న ఆ బావమరదియే. తల్లి చేపట్టుమన్న వృత్తినే చేయు ఒకడు ఆతనిని పట్టియిచ్చెను. ఇది కథకులు కల్పించిన ఘట్టము కాదు. పాపన్నపై జాలిలేని ఖాఫీఖానే దీనిని వ్రాసిపెట్టెను.

పాపన్నను యూసుఫ్ ఖాను ఎదుట నిలిపి, ధనము దాచిన చోటులను గూర్చి ప్రశ్నించి, పిదప అవయవములు ఖండించి చంపిరి. తల ఉత్తరాదిన చక్రవర్తి కొలువునకు పోయెను. మొండెమును హైదరాబాదు నగర ద్వారమున వ్రేలాడదీసిరి. జనులు ఈ ముగింపును అంగీకరింపలేదు. వారు చెప్పుకొను కథలో పాపన్న శత్రువుల చేతికి చిక్కడు. చిక్కుటకు ముందే స్వహస్తముతో ప్రాణము తీసికొనును. కల్లు దుకాణమును, దుకాణదారును వారు విస్మరించిరా, విస్మరింపదలచిరా యన్నది చెప్పుట కష్టము.

హైదరాబాదు ద్వారమున వ్రేలాడినదానిని చూచినవారు భయపడి నోరు మూసికొందురని యూసుఫ్ ఖాను తలచియుండును. మొగలు సుబా పదునాలుగేండ్లలో ఆసఫ్‌జాహీల పరమైనది. యూసుఫ్ ఖాను పేరు పండితులకు తప్ప ఎరుక లేకుండ పోయినది. పాపన్న పేరు మాత్రము తెలంగాణమునందే ఆగక దక్షిణపు తెలుగు సీమలకును నడచినది. జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు గాథలపై వ్రాసిన వ్యాసము 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో అచ్చయ్యెను. అందు పాపన్న పాటయు చేరినది. అప్పటికి ఆతడు మరణించి నూట అరువది నాలుగు సంవత్సరములు. అన్నేండ్లు ఆ పాటకు కాగితము లేదు. కథకుని కంఠమును, వంతపాడు వాని గుమ్మెటయు తప్ప వేరు ఆధారము లేదు. అన్నివిధముల వినువారిని బట్టి అది మారుచు వచ్చినది. కొన్నిచోట్ల ఆతడు ఎల్లమ్మ వరము పొందినవాడు. కొన్నిచోట్ల గోలకొండను ఏలినవాడు. ఆతడు గోలకొండ సింహాసనమున కూర్చుండినట్లు చరిత్రలో ఎక్కడను లేదు. ఐనను నేటికిని జనగామ ప్రాంతపు ముసలివారు ఆ సంగతిని కన్నులార చూచినట్లు చెప్పుదురు.

ఖిలాషాపురములో ఆ కోట బురుజులు శిథిలమై నిలిచియున్నవి. రాతి గోడల సందులలో చెట్లు మొలచినవి. తాటికొండ గుట్టపై గోడల ఆనవాళ్ళు కనబడును. ఆ చుట్టుప్రక్కల పొలముల గట్లపై తాటివనములు నేటికిని కలవు. గీతగాండ్రు ఉదయమున మోకు భుజమున వేసికొని అటు పోవుచుందురు.